అణు వ్యర్థాల గాజు క్షార జలంలో ఎలా కరుగుతుంది: కాలేజీ ల్యాబులోనే కొలిచి చూసే పద్ధతి

ఏ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోనైనా పాత కాస్టిక్ సోడా ద్రావణం ఉన్న గాజు సీసా ఒకటి దొరుకుతుంది. దాని గాజు బిరడా మెడకి అతుక్కుపోయి ఎంత తిప్పినా రాదు. దాన్ని అలా పట్టేసింది సోడియం సిలికేట్, అంటే సీసా గోడలోంచి కరిగి వచ్చిన గాజే. ఇప్పుడు దీన్ని పెద్ద విషయానికి కలపండి. అణు ఇంధనాన్ని రీప్రాసెస్ చేశాక మిగిలే తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి, వెయ్యి డిగ్రీల దాపు వేడిలో కరిగించి, స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బాల్లో పోసి గడ్డకట్టిస్తారు. మన దేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలో ఆ ప్లాంట్లు ఉన్నాయి. ఆ గాజు చివరికి భూమి లోతుల్లో వేల ఏళ్లు ఉండాలి. చుట్టూ సిమెంటు కట్టడం ఉంటే ఆ సిమెంటులోంచి ఊరే నీటి పీహెచ్ 12.5 నుంచి 13 దాటి ఉంటుంది. బెల్జియం వాళ్లైతే గాజు డబ్బాని ఉక్కు తొడుగులో పెట్టి, దాని చుట్టూ మందంగా కాంక్రీటు పోసే డిజైన్ మీదే చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. కాబట్టి క్షార జలంలో గాజు ఏమవుతుందన్నది ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు.

అచ్యుతాపురం వైపు బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) క్యాంపస్ మాట మొదలయినప్పటి నుంచీ వైజాగ్‌లో ఎమ్మెస్సీ పిల్లలు ఇలాంటి టాపిక్ మీద ప్రాజెక్టు చేస్తామని అడుగుతున్నారు. చేయొచ్చు, రేడియోధార్మిక పదార్థం ఒక్క చుక్క కూడా అక్కర్లేదు. ప్రపంచంలో పెద్ద ల్యాబులు కూడా ఈ పరిశోధనలో ఎక్కువ భాగం మామూలు, రేడియోధార్మికత లేని గాజు మీదే చేస్తాయి. కానీ మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. "ఈ గాజు రోజుకి ఎంత కరుగుతుంది" అని ఎవరైనా అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు, ఎంత నీళ్లలో, ఎన్నో రోజున అని తిరిగి అడగాలి. అదే గాజు, అదే నీరు, అదే వేడి, అయినా మొదటి గంటల్లో ఉన్న వేగం తర్వాత వెయ్యో వంతుకీ, పదివేలో వంతుకీ పడిపోవచ్చు, ఆ పైన కొన్నిసార్లు మళ్లీ లేస్తుంది కూడా.

ముందు లోపల ఏం జరుగుతుందో

గాజు అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న వల. ఆ అల్లికలోనే బోరాన్, అల్యూమినియం కూడా కూర్చుని ఉంటాయి, సందుల్లో సోడియం, కాల్షియం ఇరుక్కుని ఉంటాయి. నీళ్లు తగలగానే పైపొరలోని సోడియం బయటికి జారుకుంటుంది, దాని చోట్లోకి నీటిలోని హైడ్రోజన్ వస్తుంది. మామూలు నీళ్లలో మొదట కనిపించేది ఇదే. క్షార జలంలో ఇది వెనక్కి పోయి రెండో పని ముందుకొస్తుంది. హైడ్రాక్సైడ్ అయాన్లు నేరుగా సిలికాన్-ఆక్సిజన్ బంధాల మీద పడి వలనే తెంచేస్తాయి. తెగిన సిలికా సిలిసిక్ ఆమ్లంగా నీళ్లలోకి వస్తుంది. పీహెచ్ 9.5, 10 దాటాక ఆ ఆమ్లం అయాన్‌గా మారిపోతుంది కాబట్టి నీళ్లు పట్టుకోగలిగే సిలికా మొత్తం కూడా బాగా పెరిగిపోతుంది. క్షారం గాజుని తెంచుతుంది, తెగినదాన్ని దాచుకునే చోటు కూడా అదే ఇస్తుంది. అసలు ప్రమాదం ఈ రెండో గుణంలోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి దశలో వేగం గరిష్ఠంగా ఉంటుంది. పీహెచ్ ఒక పాయింటు పెరిగితే ఈ వేగం సుమారు 2.5 రెట్లు అవుతుంది (క్షార వైపు ఘాతాంకం 0.4 దాపున ఉంటుంది, 10కి 0.4 ఘాతం అంతే). వేడి ప్రభావం ఇంకా ఎక్కువ. యాక్టివేషన్ ఎనర్జీ మోలుకి 75 కిలోజౌళ్లు అనుకుంటే 30 డిగ్రీల నుంచి 90కి వెళ్లేసరికి వేగం వంద రెట్లు దాటుతుంది. మనం 90 డిగ్రీల దగ్గర పనిచేసేది అందుకే, లేకపోతే మీ డిగ్రీ అయిపోతుంది గానీ గాజు కదలదు.

తర్వాత నీళ్లు సిలికాతో నిండేకొద్దీ, తెగిన సిలికాలో కొంత గాజు మీదే జెల్ పొరగా మిగిలిపోయేకొద్దీ వేగం పడిపోతుంది. అది రెండో దశ. ఇక్కడ ఆగిపోతే కథ సుఖాంతం. కానీ పీహెచ్ బాగా ఎక్కువగా ఉండి, నీళ్లలో అల్యూమినియం కూడా ఉంటే జియోలైట్ స్ఫటికాలు (సిలికా, అల్యూమినియం కలిసి కట్టే ఖనిజాలు) పుట్టొచ్చు. అవి నీళ్లలోని సిలికానీ అల్యూమినియంనీ మింగేస్తాయి, నీళ్లు మళ్లీ ఖాళీ అవుతాయి, గాజు మళ్లీ వేగంగా కరగడం మొదలెడుతుంది. మూడో దశ అంటే ఇదే. ఈ రంగంలో వాళ్లకి టెన్షన్ పెట్టేది కూడా ఇదే, ఎందుకంటే ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పడం కష్టం.

మొదటి అడుగు: గాజు ఎంచుకోవడం

ఈ పనికి ప్రపంచమంతా ఒప్పుకున్న నమూనా గాజు ఒకటి ఉంది, ఇంటర్నేషనల్ సింపుల్ గ్లాస్ అంటారు. బరువులో సిలికా 56.2 శాతం, బోరాన్ ఆక్సైడ్ 17.3, సోడియం ఆక్సైడ్ 12.2, అల్యూమినా 6.1, కాల్షియం ఆక్సైడ్ 5, జిర్కోనియా 3.3. అసలు వ్యర్థాల గాజులో ముప్పైకి పైగా మూలకాలు ఉంటాయి, అందులో ముఖ్యమైన ఆరు ఆక్సైడ్లు తీసి దీన్ని తయారుచేశారు. అది దొరికితే సరే. దొరక్కపోతే మీ ల్యాబులో పగిలిన బీకర్లు చాలు. బోరోసిలికేట్ బీకరు గాజులో సిలికా సుమారు 81 శాతం, బోరాన్ ఆక్సైడ్ 13, సోడియం ఆక్సైడ్ 4, అల్యూమినా 2 దాపు ఉంటాయి. ఫ్రెంచి వాళ్ల వ్యర్థాల గాజులో సిలికా 45 శాతమే కాబట్టి రెండూ ఒకటి కాదు, ఆ మాట రిపోర్టు మొదటి పేజీలోనే రాసేయండి. కానీ దశలు ఎలా వస్తాయో నేర్చుకోవడానికి బీకరు గాజు బాగానే పనికొస్తుంది.

కిటికీ అద్దం వాడొచ్చా అని అడుగుతారు. అందులో బోరాన్ ఉండదు, అదే ఇబ్బంది. గాజు ఎంత కరిగిందో చెప్పే నమ్మకమైన సాక్షి బోరాన్, ఎందుకంటే అది జెల్‌లోనూ ఆగదు, జియోలైట్‌లోనూ దూరదు, వచ్చింది వచ్చినట్టు నీళ్లలోనే ఉండిపోతుంది. అద్దమే వాడాలనుకుంటే సాక్షిగా సోడియంని పెట్టుకోవాలి, అప్పుడు కాస్టిక్ సోడా పనికిరాదు, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేసి ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో సోడియం చూడాలి. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న ల్యాబులో అయితే ఉప్పుగాలి నుంచి వచ్చే సోడియం కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఆ దారి నేను సిఫార్సు చేయను.

రెండో అడుగు: పొడి, జల్లెడ, కడుగు

ప్రయోగం బాగుండేదీ పాడయ్యేదీ ఇక్కడే. గాజు ముక్కల్ని మందపాటి గుడ్డలో చుట్టి ముందు సుత్తితో పగలగొట్టి, తర్వాత స్టీలు కల్వంలో దంచండి. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. నూరొద్దు, దంచండి, నూరితే అంతా దుమ్మే అవుతుంది. 100, 200 మెష్ జల్లెడలు తీసుకుని వాటి మధ్య మిగిలినది, అంటే 75 నుంచి 150 మైక్రాన్ల గింజలు మాత్రమే ఉంచుకోండి. అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1285 కూడా ఈ సైజే వాడుతుంది.

జల్లించాక పొడి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ మైక్రోస్కోపు కింద పెడితే ప్రతి గింజ మీదా అంతకంటే చాలా సన్నటి నుసి పట్టి ఉంటుంది. ఈ నుసి బరువులో లెక్కలోకి రాదు, వైశాల్యంలో మాత్రం చాలా ఎక్కువ, పైగా మొదటి గంటలోనే కరిగిపోయి మీకు లేని వేగాన్ని చూపిస్తుంది. అందుకే ముందు అయస్కాంతం తిప్పి కల్వం నుంచి వచ్చిన ఇనుము తీసేయండి. తర్వాత ఆల్కహాల్‌లో వేసి అల్ట్రాసోనిక్ బాత్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, పైన తేలే పాలలాంటి ద్రవాన్ని వంపేయండి. పైన ద్రవం నిర్మలంగా వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయాలి, విసుగొస్తుంది, అయినా తప్పదు. మళ్లీ మైక్రోస్కోపు కింద చూసి అంచులు పదునుగా, మెరుస్తూ, బోసిగా కనిపిస్తేనే ఆరబెట్టండి. ఆరాక డెసికేటర్‌లోకే వెళ్లాలి. మన ఊరి తేమలో బల్ల మీద వదిలేస్తే ఆ గింజలు ప్రయోగం కంటే ముందే నీళ్లు తాగడం మొదలెడతాయి. ఇక పోర్టు వైపు ఉండేవాళ్లకి కిటికీ చువ్వల మీద పడే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. అందులో ఇనుము ఉంటే ఇంకో తంటా, ఇనుము సిలికాని పట్టేసి గాజు వేగంగా కరిగే దశని ఎక్కువకాలం సాగదీస్తుంది.

వైశాల్యం లెక్క

గింజల్ని గోళాలనుకోండి. సగటు వ్యాసం 112 మైక్రాన్లు, బీకరు గాజు సాంద్రత ఘన సెం.మీ.కి 2.23 గ్రాములు. గ్రాముకి వైశాల్యం అంటే 6 ని సాంద్రత, వ్యాసాల గుణకారంతో భాగించడమే, 0.024 చదరపు మీటర్లు వస్తుంది. వాయువుతో కొలిచే బీఈటీ పద్ధతిలో దీనికంటే ఎక్కువ వస్తుంది. ఏది వాడారో రాయండి, మధ్యలో మార్చకండి.

ఇప్పుడు అసలు మీట: వైశాల్యం భాగించు నీటి ఘనపరిమాణం. 5 గ్రాముల గాజు 50 మి.లీ. నీళ్లలో వేస్తే ఈ నిష్పత్తి మీటరుకి 2,400. 0.1 గ్రాము 100 మి.లీ.లో వేస్తే 24. మొదటిదాన్ని చిక్కటి సెట్ అందాం, రెండోదాన్ని పలచటి సెట్ అందాం. మొదటి దశ వేగం పలచటి సెట్‌లోనే నిజంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ సిలికా నిండిపోదు. రెండో దశ చిక్కటి సెట్‌లో కనిపిస్తుంది. ఒక్క సెట్టే పెట్టి రిపోర్టు రాసేవాళ్లు ఏనుగు తోకో తొండమో పట్టుకున్నవాళ్లే.

మూడో అడుగు: క్షార జలం

వైజాగ్‌లో కాస్టిక్ సోడా బిళ్లలు సీసా మూత తీసిన నిమిషంలోనే చెమ్మగిల్లుతాయి, తూచేలోపు సగం బరువు నీళ్లదీ కార్బనేటుదీ అవుతుంది. పాత చిట్కా ఒకటి ఉంది. ప్లాస్టిక్ సీసాలో 50 శాతం గాఢత ద్రావణం చేసి కదపకుండా ఉంచేస్తే, అంత గాఢతలో సోడియం కార్బనేట్ కరగదు కాబట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన ద్రవాన్ని పిపెట్‌తో తీసి, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో పలచన చేసుకోండి. కలిపేటప్పుడు బాగా వేడెక్కుతుంది, చేతులకి గ్లవ్స్, కళ్లకి గాగుల్స్ లేకుండా ముట్టుకోవద్దు. కాస్టిక్ కంట్లో పడితే యాసిడ్ కంటే దారుణం. తర్వాత పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో టైట్రేట్ చేసి అసలు గాఢత ఎంతో తేల్చుకోండి. ఆర్‌ఓ నీళ్లు వద్దు. బోరిక్ ఆమ్లానికి మామూలు పీహెచ్ దగ్గర విద్యుదావేశం ఉండదు, అందుకే ఆర్‌ఓ పొర దాన్ని సరిగ్గా ఆపలేదు.

గాఢత 0.1 మోలార్ పెట్టుకోండి. 0.01 పెడితే చిక్కటి సెట్‌లో చిక్కొస్తుంది. గాజులోంచి వచ్చే బోరాన్, సిలికా రెండూ ఆమ్లాలే, అవి ఆ కాస్త హైడ్రాక్సైడ్‌ని ఇట్టే తినేసి పీహెచ్‌ని కిందికి లాగేస్తాయి, మీరు క్షార జలం అనుకుంటూ కొలిచేది చివరికి బోరేట్ బఫర్‌ని. పలచటి సెట్‌లో మాత్రం 0.01, 0.1 రెండూ పెట్టండి, పీహెచ్ ప్రభావం అందులోనే తేలుతుంది.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. గది వేడిలో పీహెచ్ 13 చూపించే ద్రావణం 90 డిగ్రీల దగ్గర 13 కాదు. నీటి అయానీకరణ స్థిరాంకం వేడితో మారుతుంది, 25 డిగ్రీల దగ్గర దాని రుణ లాగరిథం విలువ 14 అయితే 90 దగ్గర 12.4. హైడ్రాక్సైడ్ అంతే ఉన్నా పీహెచ్ 11.4 దాపుకి వస్తుంది. చల్లార్చి కొలిచారా, వేడి మీద లెక్కకట్టారా అన్నది ప్రతి పట్టికలోనూ రాయండి.

నాలుగో అడుగు: డబ్బా, ఓవెన్

గాజు పాత్ర నిషిద్ధం. బోరోసిలికేట్ ఫ్లాస్కులో ఈ ప్రయోగం చేస్తే ఫ్లాస్కు కూడా కరుగుతుంది, దాని బోరాన్ మీ బోరాన్‌లో కలుస్తుంది. టెఫ్లాన్ డబ్బాలు మంచివి, డబ్బు లేకపోతే స్క్రూ మూత ఉన్న పాలీప్రొపిలీన్ సీసాలు 90 డిగ్రీలని తట్టుకుంటాయి. కొలిచే పిపెట్, నమూనా సీసా, అన్నీ ప్లాస్టిక్కే. ఫిల్టర్ కూడా అంతే, గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ పెట్టారంటే ఇంతసేపు పడ్డ జాగ్రత్తంతా నీళ్లపాలు. గాజు వేయని ఖాళీ డబ్బా ఒకటి, అదే బ్లాంక్, ప్రతి సెట్‌తోనూ ఉండాలి.

ఓవెన్‌లో డబ్బాలు పెట్టే ముందు ఒక్కోదాన్నీ తూచండి, తీసేటప్పుడు మళ్లీ తూచండి. బరువు 5 శాతానికి మించి తగ్గితే నీళ్లు ఆవిరయ్యాయని అర్థం, ఆ డబ్బా లెక్కలోంచి తీసేయాలి. పలచటి సెట్‌కి ద్రావణాన్ని ముందే 90 డిగ్రీలకి వేడి చేసి అప్పుడు గాజు వేయండి, లేకపోతే వేడెక్కేలోపే మొదటి గంట అయిపోతుంది. చిక్కటి సెట్ నెలల తరబడి నడుస్తుంది కాబట్టి కరెంటు గురించి ముందే ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడి వాళ్లకి గుర్తే. అంత కాకపోయినా అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు మామూలే. చవక రకం టెంపరేచర్ లాగర్ ఒకటి ఓవెన్‌లో పడేస్తే ఏ రాత్రి ఎన్ని గంటలు చల్లబడిందో తెలుస్తుంది, ఆ గంటలు తీసేసి లెక్కకట్టుకోవచ్చు.

నమూనాలు పలచటి సెట్‌కి 1, 2, 4, 6 గంటలకి తీయండి. 0.1 మోలార్‌లో 90 డిగ్రీల దగ్గర బీకరు గాజు ఎంత వేగంగా పోతుందంటే రోజుల తరబడి వదిలేస్తే గింజే సన్నబడిపోయి వైశాల్యం లెక్క తప్పుతుంది. చిక్కటి సెట్‌కి 1, 3, 7, 14, 28, 56 రోజులు. ఒకే డబ్బాలోంచి మాటిమాటికీ తీయకుండా రోజుకో డబ్బా చొప్పున పెట్టుకుంటే నిష్పత్తి చెడదు. చల్లారాకే మూత తీయండి, 0.45 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో వడకట్టండి.

ఐదో అడుగు: బోరాన్‌ని పసుపుతో పట్టుకోవడం

ఐసీపీ మెషిన్ (ద్రావణంలో ఏ మూలకం ఎంతుందో నేరుగా కొలిచేది) అందుబాటులో ఉంటే నమూనా ఇచ్చేసి ఈ భాగం దాటేయండి. లేనివాళ్లకి కర్కుమిన్ పద్ధతి ఉంది, పసుపుకి రంగునిచ్చే ఆ కర్కుమినే. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం మన ఇళ్లలో అందరికీ తెలుసు, పెళ్లిళ్లలో పారాణి అదే. కానీ ఆ ఎరుపు క్షారం వల్ల వచ్చినది, కాస్త నిమ్మరసం పిండితే పోయి మళ్లీ పసుపు అవుతుంది. బోరాన్ ఇచ్చే ఎరుపు ఆమ్లంలోనే పుడుతుంది, ఆమ్లంలోనే నిలుస్తుంది. కాబట్టి క్షార నమూనాని నేరుగా పసుపు కాగితం మీద వేస్తే వచ్చే ఎరుపు చూసి బోరాన్ దొరికిందని సంబరపడకండి, ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆమ్లం వైపుకి తెచ్చి, చుక్క వేసి, ఆరబెట్టి అప్పుడు చూడండి. వంటింట్లో వెలిగారం పొడితో ఇదే పరీక్ష చేస్తే ఎరుపు ఎలా ఉండాలో కంటికి అలవాటవుతుంది.

పరిమాణం తేల్చడానికి రీఏజెంట్ కర్కుమిన్ కొనండి. 1 మి.లీ. నమూనాలో కర్కుమిన్ రీఏజెంట్ కలిపి, 55 డిగ్రీల నీటి బాత్ మీద పూర్తిగా ఆరబెట్టి, మిగిలిన ఎర్రటి పదార్థాన్ని ఆల్కహాల్‌లో కరిగించి 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. లీటరుకి 0.1 నుంచి 1 మిల్లీగ్రాము మధ్య ఇది బాగా పనిచేస్తుంది, అంటే చిక్కటి సెట్ నమూనాలని వందల రెట్లు పలచన చేయాల్సిందే. నత్రికామ్లం మాత్రం వాడకండి, నైట్రేట్ ఈ పరీక్షని చెడగొడుతుంది.

సిలికాకి మాలిబ్డేట్ పద్ధతి, ఏ నీటి పరీక్ష ల్యాబు వాళ్లైనా చేసి చూపిస్తారు. ఒక్క జాగ్రత్త చాలు. నమూనాని ముందు బాగా పలచన చేశాకే ఆమ్లం కలపండి. సిలికా నిండుగా ఉన్న క్షార ద్రవంలో నేరుగా ఆమ్లం పోస్తే సిలికా గొలుసులు కట్టేస్తుంది, గొలుసు కట్టినది మాలిబ్డేట్‌కి కనిపించదు.

ఆరో అడుగు: లెక్క

లీటరుకి మిల్లీగ్రాములే ఘనమీటరుకి గ్రాములు కూడా. ఆ అంకెని గాజులో ఆ మూలకం భాగంతో, పైన చెప్పిన నిష్పత్తితో భాగిస్తే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల గాజు పోయిందో వస్తుంది. లెక్క కోసం చిక్కటి సెట్‌లో బోరాన్ లీటరుకి 200 మి.గ్రా., సిలికాన్ 1,300 మి.గ్రా. వచ్చాయనుకోండి. బీకరు గాజు బరువులో బోరాన్ 4.04 శాతం, సిలికాన్ 37.9 శాతం. బోరాన్ ప్రకారం 200 ÷ (0.0404 × 2,400), అంటే చదరపు మీటరుకి 2.06 గ్రాములు, సాంద్రతతో భాగిస్తే సుమారు 0.92 మైక్రాన్ల మందం. సిలికాన్ ప్రకారం అదే లెక్క 1.43 గ్రాములే వస్తుంది. తేడా ఎక్కడికి పోయింది? గింజల మీదే ఉంది, జెల్‌గానో మరో స్ఫటికంగానో. ఈ రెండు అంకెల మధ్య దూరమే మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన ఫలితం. పలచటి సెట్‌లో రెండూ దాదాపు ఒకటే రావాలి. రాకపోతే గ్రాఫు గీయడం మానేసి ముందు బ్లాంక్‌నీ, పలచన లెక్కల్నీ తిరగేయండి.

గింజల్ని తూచి బరువు ఎంత తగ్గిందో చూస్తే చాలదా అంటారు. చాలదు, జెల్ బరువు కూడా అందులోనే ఉంటుంది. గాజు పలకని సోడియం కార్బనేట్, కాస్టిక్ మిశ్రమంలో 3 గంటలు మరిగించి బరువు తగ్గుదల చూసే ఐఎస్‌ఓ 695 పరీక్ష ఉంది, అది సీసాలు, ల్యాబు సామాన్ల నాణ్యత చూడడానికి భేష్, కానీ అది చూపించేది మొదటి దశ ఒక్కదాన్నే. దాన్ని పట్టుకుని వేల ఏళ్లకి గుణించి భయపెట్టే లెక్కలు చెప్పేవాళ్లని నమ్మకండి. అలాగే రెండో దశ అంకె పట్టుకుని ఏమీ కాదు లెమ్మనేవాళ్లని కూడా.

గ్రాఫు చదవడం, మూడో దశ కోసం కాపు కాయడం

అడ్డం రోజులు, నిలువు బోరాన్ ప్రకారం పోయిన గాజు. మొదట నిటారుగా లేచి, తర్వాత వంగి, దాదాపు చదునవుతుంది. చదునైన చోట పీహెచ్ ఎంతో చూడండి. సిలికా నిండడం వల్లే చదునైందా, క్షారం అయిపోయి చదునైందా అన్నది పీహెచ్ చూడకుండా చెప్పలేం, రెండూ గ్రాఫులో ఒకేలా కనిపిస్తాయి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

చదునైన గీత మళ్లీ లేస్తే, అదే సమయంలో సిలికాన్ పడిపోతూ బోరాన్ పెరుగుతూ ఉంటే మూడో దశ అనుమానించండి. గింజల్ని కడిగి, ఆరబెట్టి ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి పంపండి. అనాల్సైమ్ అనే జియోలైట్ అయితే రాగి ఎక్స్‌రేతో 15.8, 26 డిగ్రీల కోణాల (2-థీటా) దగ్గర శిఖరాలు వస్తాయి. జియోలైట్-పీ అయితే 12.5, 28 దగ్గర. జెల్ మాత్రమే ఉంటే శిఖరాలుండవు, వెడల్పాటి మూపురం ఒకటే. బీకరు గాజులో అల్యూమినా 2 శాతమే కాబట్టి ఇది రాకపోవచ్చు, రాలేదని ప్రయోగం తప్పయిపోదు. తప్పకుండా చూడాలంటే అల్యూమినా ఎక్కువున్న గాజుతో, 1 మోలార్ కాస్టిక్‌లో వేరే సెట్ పెట్టండి, పరిశోధకులు కొందరు జియోలైట్ గింజల్ని విత్తనాల్లా ముందే వేసి ఈ దశని త్వరగా రప్పిస్తారు కూడా.

సిమెంటు నీటికి దగ్గరగా వెళ్లాలనుకుంటే చివరి సెట్ సంతృప్త కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చేయండి. పూర్ణా మార్కెట్‌లో దొరికే తాంబూలం సున్నం కాదు, ఏఆర్ గ్రేడ్, అంటే ల్యాబు పరీక్షలకి వాడే శుద్ధమైన రకం తీసుకోండి. కాల్షియం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఒక్కోసారి జెల్ పొరలో చేరి దాన్ని బిగించి గాజుని కాపాడుతుంది, ఒక్కోసారి సిలికాతో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా అడుక్కి దిగిపోయి నీళ్లలో సిలికా నిండకుండా చేసి గాజుని ఇంకా కరిగిస్తుంది. సిమెంటు గట్టిపడడానికి కారణమైన పదార్థమే అది. ఏది గెలుస్తుందన్నది పీహెచ్, కాల్షియం ఎంతుంది, గాజు ఎంతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి పలచటి, చిక్కటి సెట్లు రెండూ పెట్టందే ఇక్కడ ఏమీ తేలదు. కర్కుమిన్ పరీక్షకి నీటి కాఠిన్యం అడ్డొస్తుంది, ఈ నమూనాలని అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ గుండా పంపి కాల్షియం తీసేశాకే కొలవండి.

మిగిలిన ద్రావణాలని సింకులో పారబోసే ముందు పలచన చేసి, పీహెచ్ 7 దాపుకి వచ్చేదాకా నెమ్మదిగా ఆమ్లం కలపండి. చిక్కటి సెట్‌ది ఆ దశలో జెల్లీలా గడ్డకడుతుంది, అది సిలికానే, వడకట్టి ఘన చెత్తలో వేయండి, లేకపోతే సింకు పైపు మూసుకుపోయి ల్యాబ్ అసిస్టెంట్‌తో మాటపడాల్సి వస్తుంది.